ఎన్నికల మధ్య ప్రేమకథ: చివర్లో హీరో పార్టీ మారాలా?

జాజితీగ

అందరికీ నమస్కారం. పన్నెండు భాగాల చిన్న సీరియల్ ఒకటి రాస్తున్నాను. ఏడు భాగాలు అయ్యాయి. అసెంబ్లీ ఎన్నికల సమయం, ఒక చిన్న పట్టణం, రెండు పార్టీలు. అమ్మాయి ఒక పార్టీ వార్డు నాయకుడి కూతురు, తనూ కార్యకర్తే. అబ్బాయి ఎదుటి పార్టీలో చిన్నప్పటి నుంచీ జెండా మోసినవాడు. పార్టీల పేర్లు పెట్టలేదు, పెట్టను కూడా. హత్యలు, బాంబులు, ఫ్యాక్షన్ ఏవీ లేవు. చదువుతున్నంతసేపూ పెదాల మీద చిన్న నవ్వు ఉండాలి, అంతే నా కోరిక.

ఇబ్బంది ముగింపు దగ్గర వచ్చింది. అబ్బాయి తన కండువా తీసేసి, అమ్మాయి వాళ్ల పార్టీ కండువా కప్పుకుంటాడు. రాసేటప్పుడు బాగానే అనిపించింది. మా చెల్లి చదివి, "అక్కా, రేపు ఇంకో కారణం దొరికితే ఇంకో పార్టీలోకి పోడని ఏమిటి నమ్మకం?" అంది. వారం రోజులుగా ఆ మాట నన్ను వదలడం లేదు. పోనీ అమ్మాయి చేత మార్పిద్దామంటే అది ఇంకా నచ్చలేదు. పెళ్లి చేసుకుంది కాబట్టి మొగుడి పార్టీ అన్నట్టు అయిపోతుంది.

ఇంకో సాయం కావాలి. ఎనిమిదో భాగం మొత్తం పోలింగ్ రోజే. ఇద్దరూ ఒకే బూత్‌లో ఏజెంట్లు. ఓటు వేయడానికి తప్ప నేను బూత్ లోపలికి వెళ్లింది లేదు. ఏజెంట్లు రోజంతా ఏం చేస్తారు? ఎక్కడ కూర్చుంటారు? మాట్లాడుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

చదువుల గువ్వ

జాజితీగ గారూ, మీ చెల్లెలు చెప్పిందే నిజం. మార్చకండి.

ప్రేమకథలో మనం మనిషిని ఎందుకు ఇష్టపడతాం? అతనికి ఏదో ఒకటి గట్టిగా ఉంటుంది కాబట్టి. ఏడు భాగాలు ఎండలో తిరిగి, గోడల మీద రాతలు రాసి, ఇంటింటికీ స్లిప్పులు పంచినవాడు పన్నెండో భాగంలో కండువా మార్చేస్తే, ఆ ఏడు భాగాలూ అబద్ధమైపోతాయి. అమ్మాయి ప్రేమించింది ఆ పట్టుదలనే కదా. దాన్నే తీసేస్తే ఆమెకు చివరికి మిగిలేది ఎవరు?

ఇంకో మాట. తేలికైన కథ అంటే లోపల ఏమీ లేని కథ అని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో అది కాదు. పందెం చిన్నదై ఉండాలి, కానీ నిజమైనది కావాలి. ప్రభుత్వం పడిపోవాల్సిన పని లేదు. ఆ వార్డులో నూట ఇరవై ఓట్ల మెజారిటీ వస్తుందా రాదా అన్నది చాలు. ఆ నూట ఇరవై ఓట్ల కోసం అమ్మాయి నిద్ర మానేసిందని నాకు తెలిస్తే, నేనూ పేజీ తిప్పుతూ టెన్షన్ పడతాను.

బూత్ కుర్రాడు

అక్కా, నేను నాలుగు ఎన్నికల్లో ఏజెంట్‌గా కూర్చున్నాను. తెలిసింది చెబుతాను.

మన రాష్ట్రంలో 2024 మే 13న పోలింగ్ ఏడింటికి మొదలైంది. కానీ ఏజెంట్ రోజు ఐదున్నరకే మొదలవుతుంది. అసలు పోలింగ్‌కు గంటన్నర ముందు మాక్ పోల్, అంటే యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే ఉత్తుత్తి పోలింగ్, జరపాలి. స్కూలు గది, ట్యూబ్‌లైటు, నల్లబల్ల మీద ఎవరో పిల్లాడు రాసిన ఎక్కం సగం చెరిపేసి ఉంటుంది. మన చేతిలో అభ్యర్థి గానీ, ఆయన ఎలక్షన్ ఏజెంట్ గానీ సంతకం పెట్టిన ఫారం 10 ఉంటుంది. అది బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ ఆఫీసర్‌కు ఇస్తే లోపల కూర్చోనిస్తారు.

మాక్ పోల్‌లో కనీసం 50 ఓట్లు వేయాలి. వేసేది మనమే, ఏజెంట్లు. అన్ని గుర్తులకూ పడాలి, నోటాకు కూడా. ఎవరికి ఎన్ని వేశామో పక్కన రాసుకుంటారు. తర్వాత రిజల్ట్ నొక్కి చూపిస్తారు, వీవీప్యాట్ (ఓటు ఏ గుర్తుకు పడిందో చీటీ మీద చూపించే యంత్రం) చీటీలు లెక్కపెట్టి సరిపోయిందో లేదో చూస్తారు. అన్నీ సరిపోయాక క్లియర్ నొక్కుతారు, మొత్తం సున్నాకు వస్తుంది. ఆ చీటీల వెనక ముద్ర వేసి నల్ల కవర్లో పెట్టి సీల్ చేస్తారు. ఓట్లు నమోదయ్యే కంట్రోల్ యూనిట్‌కు వేసే ఆకుపచ్చ పేపర్ సీల్ మీద మనం సంతకాలు పెడతాం. మీ కథలోని ఇద్దరి సంతకాలూ ఒకే సీల్ మీద పక్కపక్కన పడతాయి అక్కా! పెళ్లి రిజిస్టర్ కంటే ముందే.

కండువా వేసుకోకూడదు, పార్టీ గుర్తున్న బ్యాడ్జి పెట్టుకోకూడదు. వంద మీటర్ల లోపల ప్రచారం నిషేధం. ఏజెంట్ దగ్గర ఫోన్ కూడా ఉండకూడదు. కాబట్టి మీ అబ్బాయి ఆ అమ్మాయిని రంగు కండువా లేకుండా చూడటం బహుశా అదే మొదటిసారి.

పని ఏమిటంటే, ఓటరు రాగానే మొదటి పోలింగ్ ఆఫీసర్ పేరు, వరుస నంబరు పైకి చదువుతారు. మనం మన జాబితాలో టిక్కు పెట్టుకుంటాం. వచ్చిన మనిషి ఆ మనిషేనా అని చూసుకోవడమే అసలు డ్యూటీ. మాట్లాడుకోవచ్చు, గొడవ చేయకూడదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఎవరూ రారు. ఆ రెండు గంటల్లో ఎదుటి పార్టీవాడితో కుదిరే స్నేహం ఇంకెక్కడా కుదరదని నేను ఒట్టేసి చెప్పగలను.

సుద్దముక్క

నేను టీచర్ని. పోలింగ్ డ్యూటీకి చాలాసార్లు వెళ్లాను, రెండుసార్లు ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా చేశాను. తమ్ముడు చెప్పింది సరిగానే ఉంది. రచయిత్రికి పనికొచ్చేవి ఇంకొన్ని కలుపుతాను.

ఏజెంట్లు ఇష్టం వచ్చిన చోట కూర్చోరు. ముందు గుర్తింపు పొందిన జాతీయ పార్టీలు, తర్వాత గుర్తింపు పొందిన రాష్ట్ర పార్టీలు, తర్వాత ఇతర రాష్ట్రాల్లో గుర్తింపు ఉండి ఇక్కడ తమ గుర్తు వాడుకోవడానికి అనుమతి ఉన్నవి, ఆ వెనక రిజిస్టరై గుర్తింపు లేని పార్టీలు, చివర స్వతంత్రులు. కాబట్టి అమ్మాయీ అబ్బాయీ పక్కపక్కన కూర్చోవాలంటే ఇద్దరివీ ఒకే తరగతి పార్టీలు కావాలి. రెండూ రాష్ట్ర పార్టీలని అనుకుంటే మీకు ఏ ఇబ్బందీ లేదు. వాళ్లను కలిపి కూర్చోబెట్టింది ఎన్నికల సంఘమే అవుతుంది.

ఓటరు జాబితా గురించి కూడా జాగ్రత్త. ఏజెంట్ మధ్యలో బయటికి వెళ్తే తన జాబితా వెంట తీసుకెళ్లకూడదు. లోపలే వదిలి వెళ్లాలి. ఆమె జాబితాలో మార్జిన్‌లో ఏం రాసుకుందో అతనికి కనపడే అవకాశం అక్కడ ఉంది. వాడుకుంటారో లేదో మీ ఇష్టం.

కొత్తవాళ్లకు తెలియనిది ఇంకొకటి ఉంది, చాలెంజ్ ఓటు. వచ్చిన వ్యక్తి అసలు ఓటరు కాదని అనుమానం వస్తే ఏజెంట్ అభ్యంతరం చెప్పవచ్చు. దానికి 2 రూపాయలు కట్టాలి. అవును, ఇప్పటికీ రెండు రూపాయలే. ప్రిసైడింగ్ ఆఫీసర్ అక్కడికక్కడే విచారిస్తారు. అనుమానం తప్పని తేలితే ఆ ఓటరు ఓటేస్తారు. అభ్యంతరం కావాలని పెట్టిందైతే రెండు రూపాయలూ పోతాయి.

ఒక ఎన్నికలో నా ముందు ఇదే జరిగింది. ఒక కుర్ర ఏజెంట్ ఒక ముసలావిడ మీద అభ్యంతరం చెప్పాడు. ఫొటోలో ముఖం వేరుగా ఉందన్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి, తల మీది కొంగు వెనక్కి జరిపి, కిటికీ వెలుగులోకి వచ్చి నిలబడింది. "ఫొటో తీసినప్పుడు మీ తాత ఉన్నాడు నాయనా, నేను బొట్టు పెట్టుకునేదాన్ని" అంది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ కుర్రాడు లేచి, తనే చెయ్యిపట్టి ఆవిడను యంత్రం దాకా తీసుకెళ్లబోయాడు. ఏజెంట్ ఓటింగ్ కంపార్ట్‌మెంట్ దగ్గరికి వెళ్లకూడదు కాబట్టి నేనే ఆపాను. ఆవిడ ఓటేసి తిరిగి వస్తూ అతని తల మీద చెయ్యి వేసి వెళ్లింది.

గట్టుమీద

నా మాట కఠినంగా ఉంటే క్షమించండి. చదువుతుంటే బాధగా ఉంది. ఇది ఎవరి రాజకీయం? నేను పదేళ్లు ఒక పార్టీలో తిరిగాను. ఏ పార్టీ అన్నది అనవసరం. మా ఊళ్లో ఎవరు ఏ పార్టీ అన్నది చాలావరకు పుట్టుకతోనే తేలిపోతుంది. ఏ వీధి ఏ పార్టీదో కులాన్ని బట్టి చెప్పేస్తారు. ఒక పార్టీ అమ్మాయి, ఇంకో పార్టీ అబ్బాయి అన్నారంటే అసలు గోడ కండువాది కాదు. ఆ గోడ గురించి ఒక్క మాట లేకుండా రెండు కండువాల ముచ్చటగా రాస్తే అది అబద్ధమవుతుంది.

డబ్బు సంగతి సరే సరి. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. ఆ అంకె వింటే కింద తిరిగే కార్యకర్తకు ఏమనిపిస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నాతో తిరిగిన స్నేహితుడొకడు ధర్నా కేసులో ఇప్పటికీ వాయిదాలకు తిరుగుతున్నాడు. పెళ్లి సంబంధం వస్తే ముందు అడిగేది ఆ కేసు గురించే. వాడి జీవితంలో తేలికైనది ఏదీ లేదు.

జాజితీగ

గట్టుమీద గారూ, క్షమాపణ ఎందుకండీ. మీరు చెప్పింది నేను తప్పించుకుని రాసిన మాట నిజం. కులం రాస్తే కథ బరువెక్కిపోతుందేమోనని భయపడ్డాను. అబ్బాయి ఇంటిపేరు కూడా ఎక్కడా రాయలేదు. ఎందుకు రాయలేదో ఇప్పుడు మీరు చెప్పాక నాకే తెలిసింది.

ఒక్కటి మాత్రం అడుగుతాను. మీ స్నేహితుడికి ఆ పదేళ్లలో నవ్విన రోజు ఒక్కటీ లేదా? ఒక అమ్మాయి కోసం ఫ్లెక్సీ కట్టే నిచ్చెన మీద ఎక్కువసేపు నిలబడిన సాయంత్రం లేదా? ఆ సాయంత్రాన్ని ఎవరో ఒకరు రాయాలి కదా.

ఎర్రమందారం

పార్టీ మారకుండా ప్రేమ నిలుస్తుందా అన్న ప్రశ్నకు కథల్లో వెతకనక్కర్లేదు. మన దేశ చరిత్రలోనే రెండు జంటలున్నాయి. ఒకటి నిలిచింది, ఒకటి నిలవలేదు.

ఆచార్య కృపలానీ, సుచేత 1936లో పెళ్లి చేసుకున్నారు. ఆయన 1888లో పుట్టారు, ఆవిడ 1908లో. ఇరవై ఏళ్ల తేడా. గాంధీజీకే ఈ పెళ్లి మొదట ఇష్టం లేదు. 1951లో కృపలానీ కాంగ్రెస్ వదిలి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ పెట్టారు. 1952 మొదటి సాధారణ ఎన్నికల్లో సుచేత ఆ పార్టీ తరఫునే న్యూఢిల్లీ నుంచి గెలిచారు. తర్వాత ఆవిడ కాంగ్రెస్‌లోకి తిరిగి వెళ్లి, 1957లో అదే న్యూఢిల్లీ నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు. ఆయన మాత్రం ప్రతిపక్షంలోనే ఉండిపోయారు.

ఇక 1963 చూడండి. ఆగస్టులో లోక్‌సభలో నెహ్రూ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది. స్వతంత్ర భారతంలో అదే మొదటిది. పెట్టింది కృపలానీ. అదే ఏడాది అక్టోబరులో ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది సుచేత, నెహ్రూ పార్టీ తరఫున. దేశంలో మొదటి మహిళా ముఖ్యమంత్రి. ఆ రెండు నెలల మధ్య ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకుని ఉంటారు? నేను ఎన్నోసార్లు ఊహించుకున్నాను. వాళ్ల పెళ్లి చివరిదాకా నిలిచింది.

రెండోది కేరళ. గౌరి అమ్మ, టి.వి. థామస్. ఇద్దరూ కమ్యూనిస్టులు, ఇద్దరూ 1957లో ముఖ్యమంత్రి నంబూద్రిపాద్ మంత్రివర్గంలో మంత్రులు. మంత్రులుగా ఉండగానే అదే ఏడాది పెళ్లి చేసుకున్నారు. 1964లో పార్టీ చీలింది. ఆ చీలికకు ముందు పార్టీలోని వామపక్షం వాళ్లు సమావేశమైంది మన తెనాలిలోనే, ఆ ఏడాది జూలైలో. గౌరి అమ్మ సీపీఎం వైపు, థామస్ సీపీఐ వైపు వెళ్లారు. 1967లో ఇద్దరూ మళ్లీ ఒకే మంత్రివర్గంలో ఉన్నారు, వేర్వేరు పార్టీల తరఫున. కాపురం మాత్రం నిలవలేదు. గౌరి అమ్మ 2021లో 101 ఏళ్ల వయసులో పోయారు.

నాకు అర్థమైంది ఇది. మొదటి జంటలో ఒకరి దారి ఒకరు మార్చాలని చూడలేదు. రెండో జంటను విడదీసింది వేరే పార్టీ కాదు, ఒకే ఇల్లులాంటి పార్టీ రెండు ముక్కలు కావడం. బయటివాడితో విభేదం భరించవచ్చు. నిన్నటిదాకా ఒకే మాట మాట్లాడినవాడితో విభేదం భరించడం కష్టం. జాజితీగ గారి అమ్మాయీ అబ్బాయీ మొదటి నుంచీ వేర్వేరు జెండాల వాళ్లు కాబట్టి వాళ్లకు ఆశ ఎక్కువ.

చదువుల గువ్వ

అమెరికాలోనూ ఒక జంట ఉంది. 1992 అధ్యక్ష ఎన్నికల్లో క్లింటన్ ప్రచారానికి జేమ్స్ కార్విల్, ఎదుట బుష్ ప్రచారంలో మేరీ మాటలిన్ పనిచేశారు. అప్పటికే ఇద్దరూ ప్రేమలో ఉన్నారు. మరుసటి ఏడాది పెళ్లి చేసుకున్నారు. పెళ్లి కోసం ఎవరూ పార్టీ మారలేదు.

కొత్త కలం

చిన్న సందేహం. నా కథలో హీరో ఎమ్మెల్యే. ప్రేమ కోసం ఎదుటి పార్టీలో చేరినట్టు రాసుకున్నాను. కుదురుతుందా?

సుద్దముక్క

చేరవచ్చు, పదవి నిలవదు. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం, వచ్చింది. టికెట్ ఇచ్చిన పార్టీని తనంతట తాను వదిలితే అనర్హత వేటు. 2003లో 91వ సవరణ తర్వాత మూడింట ఒక వంతు మంది చీలిపోతే వేటు పడదన్న వెసులుబాటు కూడా పోయింది. మూడింట రెండు వంతుల మంది కలిసి విలీనమైతే తప్ప మినహాయింపు లేదు. మీ హీరో రాజీనామా చేసి ఉప ఎన్నికలో నిలబడితే కథ ఇంకా బాగుంటుంది. ఓడిపోతే మరీ బాగుంటుంది.

పొగడపూలు

ఎప్పుడూ రాయను, చదివి వెళ్లిపోతుంటాను. ఈరోజు రాయాలనిపించింది.

మాది వేర్వేరు పార్టీల ఇల్లే. మా నాన్నగారు ఒక పార్టీకి ముప్పై ఏళ్లు మండల స్థాయిలో పనిచేశారు. నేనూ ఆయన వెనకే తిరిగాను. మావారు ఎదుటి పార్టీ. గట్టుమీద గారు చెప్పిన ఆ గోడ కూడా మా మధ్య ఉండేది. పెళ్లికి మా పెద్దమ్మ వాళ్లెవరూ రాలేదు. రెండేళ్ల తర్వాత, పాప పుట్టాక వచ్చారు. వచ్చి కూడా మా ఇంట్లో మంచినీళ్లు తాగలేదు. ఆ గ్లాసు అలాగే బల్ల మీద ఉండిపోయింది. మావారు దాన్ని తీసుకెళ్లి పెరట్లో తులసికోటలో పోసి, "చెట్టుకైనా పనికొచ్చాయి" అన్నారు. కోపంగా అనలేదు. నాకు ఆయన మీద ప్రేమ పెళ్లిలో కంటే ఆరోజు ఎక్కువ కలిగింది.

ఎన్నికలొస్తే మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. వంటగదిలో రాజకీయం మాట్లాడం. ముందు గదిలో ఎంతైనా వాదించుకోవచ్చు. ఎవరి కండువా వాళ్లే ఉతుక్కోవాలి.

ఒకసారి లెక్కింపు రోజు, పదకొండు గంటలకే మా పార్టీ గెలుపు ఖాయమైపోయింది. మావారు కౌంటింగ్ ఏజెంట్‌గా వెళ్లినవారు ఒంటిగంటకు తిరిగొచ్చారు. మాట్లాడలేదు. కండువా తీసి నాలుగు మడతలు పెట్టి బీరువాలో పై అరలో పెట్టారు. ముఖం కడుక్కున్నారు. తర్వాత బండి తాళం తీసి, "పద, ఊరేగింపు మొదలైపోతుంది, ఆటోలు దొరకవు" అన్నారు. నన్ను పార్టీ ఆఫీసు వీధి మొదట్లో దింపి, లోపలికి రాకుండా ఎదురుగా బస్ షెల్టర్లో కూర్చున్నారు. రెండు గంటలు. నేను రంగులు పూసుకుని తిరిగొస్తే చేతిరుమాలు ఇచ్చారు. అప్పటికే దాన్ని నీళ్లతో తడిపి ఉంచారు.

ఆయన మా పార్టీలోకి వచ్చి ఉంటే ఆ రుమాలు నాకు దొరికేది కాదు.

గట్టుమీద

పొగడపూలు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

జాజితీగ గారూ, నా మాట మార్చుకోను గానీ, ఒక దారి చెబుతాను. కులం గురించి ప్రసంగం వద్దు. ఆ గ్లాసులాంటిది ఒక్కటి పెట్టండి చాలు. అబ్బాయి ఇంటింటి ప్రచారంలో ఏ ఇంట్లో లోపలికి పిలుస్తారో, ఏ ఇంట్లో అరుగు మీదే నిలబెడతారో రాయండి. అమ్మాయి వాళ్ల ఇంట్లో ఎక్కడ నిలబెట్టారో, పన్నెండో భాగంలో ఎక్కడ కూర్చున్నాడో రాయండి. మాకు అర్థమవుతుంది.

మీరు అడిగారు కదా, నా స్నేహితుడు నవ్విన రోజు ఉందా అని. ఉంది. నామినేషన్ల ఆఖరి రోజు మూడు గంటల లోపు, ఇతనే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే బీ ఫారం అందాలి. మా నాయకుడికి బీ ఫారం పక్క జిల్లా నుంచి రావాలి. వాడు బండి మీద వెళ్లి తెచ్చాడు. రెండూ నలభైకి రిటర్నింగ్ ఆఫీసర్ ఆఫీసు గేటు దగ్గర దిగాడు. చొక్కా లోపల ప్లాస్టిక్ కవర్లో, కడుపుకు కట్టుకుని తెచ్చాడు ఆ కాగితం. ఆ రోజు వాడి నవ్వు నేను మర్చిపోను. కావాలంటే మీ అబ్బాయికి ఇచ్చేయండి.

జాజితీగ

మీ అందరి మాటలూ కాగితం మీద రాసుకుని నాలుగు రోజులు కూర్చున్నాను. పాత ముగింపు తీసేశాను. ఎవరూ పార్టీ మారరు. ఎనిమిదో భాగం కొత్తగా రాశాను. మొదటి ముక్క ఇక్కడ పెడుతున్నాను. తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

*మాధవి బల్ల మీద ఓటరు జాబితా పెట్టి, పక్కన పెన్సిల్ పెట్టింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కుర్చీ ఎవరిదో ఆమెకు తెలుసు.*

*ఐదూ ఇరవై ఐదుకు శేఖర్ వచ్చాడు. తెల్ల చొక్కా, మెడ ఖాళీ. కండువా ఉండే చోట ఎండ తగలని చర్మం ఒక గీతలా తెల్లగా కనిపించింది. ఆమె చప్పున జాబితాలోకి చూసింది.*

*"మీ పెన్సిల్ మొన విరిగింది," అన్నాడు కూర్చుంటూ.*

*"మీ పార్టీ వాళ్లు అన్నీ అలాగే చెబుతారు," అంది. చూస్తే నిజంగానే విరిగింది. అతను జేబులోంచి ఇంకోటి తీసి బల్ల మీద, సరిగ్గా ఇద్దరి మధ్యా పెట్టాడు.*

*ప్రిసైడింగ్ ఆఫీసర్ పిలిచారు. "మాక్ పోల్ అమ్మా, అన్ని గుర్తులకూ పడాలి. మీరు మొదలుపెట్టండి."*

*ఆమె లేచి యంత్రం ముందు నిలబడింది. పద్దెనిమిదేళ్లు నిండిన దగ్గర్నుంచి ఆమె వేలు ఒకే బటన్ మీదికి వెళ్లింది. నాన్న గుర్తు, తాత గుర్తు. ఇప్పుడు మొదటిసారి దాని కింది బటన్ మీద వేలు పెట్టింది. బీప్ మోగింది. వీవీప్యాట్ కిటికీలో దీపం వెలిగి, చీటీ మీద అతని గుర్తు కనిపించింది. ఏడు సెకన్లు. చీటీ తెగి కింద పడిపోయింది.*

*తర్వాత శేఖర్ వంతు. అతను వేలు పెట్టబోయి ఆగాడు. "సార్, ఈ గుర్తు నేను ఎప్పుడూ నొక్కలేదు. కొంచెం టైమ్ ఇవ్వండి" అన్నాడు. ఆయన నవ్వారు. మాధవి నవ్వలేదు. బీప్ వినపడే వరకూ ఊపిరి బిగబట్టింది.*

*యాభై ఓట్లూ పడ్డాయి. లెక్క సరిపోయింది. ఆయన క్లియర్ నొక్కారు. "చూడండి, మొత్తం సున్నా. ఇప్పటిదాకా వేసినవి ఏవీ లెక్కలోకి రావు. సంతకాలు పెట్టండి."*

*ఆకుపచ్చ సీల్ మీద ఆమె సంతకం చేసి పెన్ను అతనికి అందించింది.*

*"లెక్కలోకి రావట," అన్నాడు నెమ్మదిగా, సంతకం చేస్తూ.*

*"యంత్రం లెక్కలోకి," అంది మాధవి.*

చదువుల గువ్వ

"యంత్రం లెక్కలోకి" దగ్గర ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి చదివాను. ఇదే కావాలి.

సుద్దముక్క

చాలా బాగుందమ్మా. రెండే సవరణలు. మాక్ పోల్ చీటీలు నల్ల కవర్లోకి వెళ్తాయని ఎక్కడో ఒక వాక్యం పెట్టండి. ఆ రెండు ఓట్లూ చెరిగిపోలేదు, సీల్ వేసిన కవర్లో ఉన్నాయని పాఠకులకు తెలియాలి. రెండోది, సాయంత్రం ఆరింటికి లైన్లో ఉన్నవాళ్లకు చీటీలిస్తారు. లైన్ చివరి మనిషి నుంచి ముందుకు ఇచ్చుకుంటూ వస్తారు. చివర్లో ఆ దృశ్యం ఉంటే, రోజు ఇంకా అయిపోకూడదని వాళ్లిద్దరూ అనుకోవడానికి మీకు ఇంకో అరగంట దొరుకుతుంది.

బూత్ కుర్రాడు

అక్కా, పోలింగ్ అయ్యాక ఏజెంట్లకు 17సీ కాపీ ఇస్తారు. బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది. లెక్కింపు రోజు దాన్ని పట్టుకునే సరిచూసుకుంటాం. ఇద్దరి చేతుల్లోనూ ఒకే అంకె ఉన్న కాగితం. గేటు దాటి, వంద మీటర్ల గీత దాటాకే కండువాలు తియ్యమనండి. అంతకు ముందు వద్దు.

గట్టుమీద

అబ్బాయి ఇంటిపేరు రాశారా?

జాజితీగ

రాశానండీ. రెండో భాగంలోనే వస్తుంది ఇప్పుడు, అరుగు మీద నిలబెట్టిన చోట. బీ ఫారం కూడా అతని చొక్కా లోపల పెట్టాను. నల్ల కవరు, లైన్ చీటీలు ఈ రాత్రి కలుపుతాను. పొగడపూలు గారూ, పన్నెండో భాగంలో ఓడిపోయేది అబ్బాయి పార్టీయే. తడిపిన చేతిరుమాలు వాడుకోవడానికి మీ అనుమతి కావాలి.

పొగడపూలు

వాడుకోండి. మావారిని కూడా అడిగాను. రుమాలు నీలం రంగుదని రాయమన్నారు.